పెద్దయ్యాక ఓపెన్ ఇంటర్: పేరు రాయించుకున్న రోజు నుంచి మెమో చేతికొచ్చే దాకా

"సార్, ఇగ ఇప్పుడు సదివి ఏం జేస్త?"

ఓపెన్ ఇంటర్‌లో, అంటే రోజూ కాలేజీకి పోకుండా చదివే ఇంటర్‌లో, చేరడానికి వచ్చిన వాళ్లే చాలామంది ఈ మాట అడుగుతారు. దరఖాస్తు ఫారం చేతిలో పట్టుకునే అడుగుతారు. నల్గొండ జిల్లాలో కొన్నేళ్లుగా వాళ్లకు ఎదురుగా కూర్చోబెట్టి చెప్పే ఆదివారం తరగతులు, అంటే కాంటాక్ట్ క్లాసులు, చెబుతున్నాను. దేవరకొండ తండాల నుంచి వచ్చిన అక్కలు, మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో పనిచేసే తమ్ముళ్లు, కొడుకు ఇంటర్ చదువుతుంటే తానూ పుస్తకం పట్టిన తండ్రులు నా తరగతిలో కూర్చున్నారు. వాళ్లలో మధ్యలో ఆగిపోయిన వాళ్లను గుర్తు చేసుకుంటే, పాఠం అర్థం కాక ఆగినవాళ్లు తక్కువ. సర్టిఫికెట్‌లో పేరు కలవక కొందరు ఆగారు. పరీక్ష సరిగ్గా వరికోతల్లో పడి కొందరు ఆగారు. ఐదు పేపర్లూ ఒకేసారి రాయాలని తొందరపడి, మూడు పోగానే మనసు విరిగి కొందరు ఆగారు. ఈ మూడింటినీ ముందే చూసుకుంటే ఇరవై ఏళ్ల కింద బడి వదిలిన మనిషి కూడా ఇంటర్ పాసవుతాడు.

ముందు మీ దారి ఏదో తేల్చుకోండి

పది పాసైన వాళ్లకు మన దగ్గర మూడు దారులున్నాయి.

ఎక్కువమందికి సరిపోయేది తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ, అందరూ టాస్ అంటారు. ఉమ్మడి రాష్ట్రంలో 1991లో మొదలైన ఓపెన్ స్కూల్‌కు ఇది మన రాష్ట్ర కొనసాగింపు. పదో తరగతి పాసై, 15 ఏళ్లు నిండితే ఇంటర్‌లో చేరవచ్చు. పై వయసుకు హద్దు లేదు. తెలుగులో చదవవచ్చు, తెలుగులోనే రాయవచ్చు. తరగతులు ఆదివారాలు, సెలవు రోజుల్లో ఉంటాయి.

రెండోది జాతీయ ఓపెన్ స్కూల్, ఎన్ఐఓఎస్. ఇది 1989లో మొదలైంది, 2002లో ఇప్పటి పేరు వచ్చింది. దేశమంతా దీనికి కేంద్రాలున్నాయి. పాలమూరు నుంచి ముంబై, పుణె పనులకు పోయి ఏడాదిలో ఎనిమిది నెలలు అక్కడే ఉండేవాళ్లు దీన్ని తప్పక ఆలోచించాలి. నారాయణపేట, మక్తల్, కోయిల్‌కొండ వైపు ఇలాంటి కుటుంబాలు ఎన్నో. పరీక్షకు ఊరికి రాలేక ఏడాది పోగొట్టుకోవడం కంటే ఉన్నచోటికి దగ్గరలో రాయడం మేలు. అయితే మీరు ఎంచుకునే సబ్జెక్టుల పుస్తకాలు ఏ భాషలో ఉన్నాయో డబ్బు కట్టకముందే చూసుకోండి.

మూడోది ఇంటర్ బోర్డులోనే కాలేజీకి పోకుండా, హాజరు మినహాయింపుతో పరీక్ష రాయడం. ఇది ఆర్ట్స్ గ్రూపుల వారికే. ఇందులో మొదటి ఏడాది, రెండో ఏడాది అని రెండు మెట్లు ఉంటాయి, ఆదివారం తరగతులు ఉండవు. పుస్తకం వదిలి రెండు మూడేళ్లే అయిన కుర్రాళ్లకు ఇది నడుస్తుంది. పదిహేనేళ్లు దాటిన వాళ్లకు నేను చెప్పను. వారానికి ఒక్కసారైనా ఎదురుగా కూర్చుని చెప్పే మనిషి ఉండాలి.

పది కూడా పాస్ కాలేదా? అదే ఓపెన్ స్కూల్‌లో ముందు పది పూర్తి చేయండి. 14 ఏళ్లు నిండితే చాలు, ఒక్క రోజు కూడా బడికి పోని వాళ్లైనా నేరుగా పదో తరగతికి చేరవచ్చు. పది పాసవడానికీ ఇంటర్ పూర్తవడానికీ మధ్య రెండేళ్ల ఎడం ఉండాలి కాబట్టి ఆ లెక్క మనసులో పెట్టుకోండి. ఇక్కడి నుంచి నేను చెప్పేది ఎక్కువగా టాస్ ఇంటర్ గురించి.

కాగితాలు: అసలు చిక్కు ఇక్కడే

పదో తరగతి మెమో, ఆధార్, కులం సర్టిఫికెట్, ఫొటోలు, దివ్యాంగులైతే సదరం సర్టిఫికెట్. పట్టీ చిన్నదే. చిక్కంతా వాటిలోని పేర్లలో ఉంటుంది.

మన దగ్గర ఆడపిల్లకు పెళ్లవగానే ఆధార్‌లో అత్తగారింటి పేరు ఎక్కుతుంది. పది మెమోలో తండ్రి ఇంటిపేరు ఉంటుంది. కొన్ని మెమోల్లో ఇంటిపేరు ఒక్క అక్షరమే, ఆధార్‌లో మొత్తం ఉంటుంది. లక్ష్మి ఒకచోట లక్ష్మమ్మ అవుతుంది. ఇవన్నీ చేరేటప్పుడు ఎవరికీ పట్టవు. ఇంటర్ పాసై ఉద్యోగానికో డిగ్రీకో పోయినప్పుడు అక్కడి గుమస్తా రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తాడు. అప్పుడు మొదలవుతుంది తిరుగుడు.

ఒకే సూత్రం పెట్టుకోండి: చదువు కాగితాలన్నిటికీ పది మెమోయే తల్లి. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అందులో ఎలా ఉంటే ఇంటర్ దరఖాస్తులో అక్షరం మారకుండా అలాగే రాయించండి. పెళ్లి తర్వాతి ఇంటిపేరు అందులోకి తేకండి. ఆధార్‌ను మెమోకు తగ్గట్టు మార్చుకోవాలంటే మెమోనే రుజువుగా పట్టుకుని ఆధార్ కేంద్రానికి పోండి. కానీ ఆధార్‌లో పేరును రెండుసార్లు, పుట్టిన తేదీని ఒక్కసారి మాత్రమే మార్చనిస్తారు. ఇంతకు ముందే ఒకసారి మార్చి ఉంటే ఈసారి అక్షరం అక్షరం చూసి సంతకం పెట్టండి.

మెమో పోయిందా? ఇల్లు కూలినప్పుడో, వలస పోయినప్పుడో పోగొట్టుకున్నవాళ్లు చాలామంది ఉంటారు. భయపడకండి. మీరు పది రాసిన బడికి వెళ్లి హెడ్‌మాస్టర్‌ను కలవండి. డూప్లికేట్ మెమోకు దరఖాస్తు ఆయన ద్వారానే ప్రభుత్వ పరీక్షల విభాగానికి పోతుంది. దీనికి సమయం పడుతుంది. అందుకే నోటిఫికేషన్ వచ్చాక వెతకడం మొదలుపెట్టొద్దు, ఈ వారమే ట్రంకుపెట్టె తెరవండి.

స్టడీ సెంటర్, దరఖాస్తు

నోటిఫికేషన్ సాధారణంగా వానాకాలం మొదట్లో వస్తుంది. సరిగ్గా పత్తి గింజలు పెట్టే రోజులు అవి, ఎవరికీ పేపర్ చూసే తీరిక ఉండదు. జూన్ నుంచి వారానికోసారి దగ్గరలోని స్టడీ సెంటర్‌కు ఫోన్ చేస్తూ ఉండండి. ఎక్కువగా ఇవి ప్రభుత్వ హైస్కూళ్లు, జూనియర్ కాలేజీల్లోనే ఉంటాయి. ఆలస్య రుసుముతో గడువు పొడిగిస్తారు గానీ దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఏ సెంటరైనా ఓపెన్ స్కూల్ వెబ్‌సైట్‌లోని జాబితాలో ఉందో లేదో చూడండి. చూడటం రాకపోతే జిల్లా విద్యాశాఖ కార్యాలయంలో ఓపెన్ స్కూల్ కోఆర్డినేటర్‌ను అడగండి. ఇది ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, నా తరగతికి వచ్చిన ఒక చెల్లె అంతకు ముందు ఏడాది ఒక ప్రైవేటు మనిషికి "గ్యారంటీ పాస్" అంటే వేలకు వేలు కట్టింది. అవి పత్తి అమ్మిన పైసలు. చివరికి ఆమె చేతికొచ్చిన కాగితం ఏ బోర్డుదో ఎవరికీ తెలియలేదు. పరీక్ష రాయకుండా పాస్ చేయిస్తామనే వాడి దగ్గర ఒక్క నిమిషం కూడా కూర్చోకండి.

ఫీజు ఆన్‌లైన్‌లో లేదా మీసేవలో కట్టాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు, దివ్యాంగులకు రాయితీ ఉంటుంది. ఆ ఏడాది ప్రాస్పెక్టస్‌లో అంకె ఎంతుంటే అంతే కట్టండి, రసీదు తీసుకోండి. ఇది చేరిక ఫీజు మాత్రమే. పరీక్ష ఫీజు వేరు, దాని గడువు వేరు. చేరిక ఫీజు కట్టి అంతా అయిపోయిందనుకుని, పరీక్ష ఫీజు తేదీ దాటిపోయాక వచ్చి ఏడ్చినవాళ్లను చూశాను. ఇంట్లో క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాసుకోండి.

ఫారంలో సొంత ఫోన్ నంబరే ఇవ్వండి. నెట్ సెంటర్ అబ్బాయి నంబర్ ఇస్తే హాల్‌టికెట్ మెసేజ్ అతనికే పోతుంది.

సబ్జెక్టులు ఎంచుకోవడం

పాస్ కావడానికి ఐదు సబ్జెక్టులు కావాలి, అందులో కనీసం ఒకటి భాష. చేరేటప్పుడు తీసుకున్న నిర్ణయం ఐదేళ్లు వెంట వస్తుంది కాబట్టి ఇక్కడ కాస్త నిలబడదాం.

పక్కింటి పిల్లవాడు ఎంపీసీ అని మీరు కూడా గణితం, ఫిజిక్స్ పెట్టుకోవద్దు. నర్సింగ్ లాంటి చదువుకు పోవాలనే గట్టి కారణం ఉంటేనే సైన్స్ తీసుకోండి. సైన్స్‌కు ప్రాక్టికల్స్ ఉంటాయి, హోం సైన్స్, జాగ్రఫీలకూ ఉంటాయి. అంటే కొన్ని రోజులు పని మాని సెంటర్‌కు పోవాలి. కూలికి పోయే ఇంట్లో ఆ రోజుల లెక్క కూడా లెక్కే.

ఎక్కువమందికి నేను చెప్పేది తెలుగు, చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం, ఇంకొకటి మీ ఇష్టం. సులువు అని కాదు. మీకు ఇవి సగం ముందే వచ్చు. వార్డు మెంబర్‌గా చేసిన మనిషికి గ్రామసభ అంటే ఏమిటో పుస్తకం చెప్పక్కర్లేదు. వడ్ల కొనుగోలు కేంద్రంలో వారం రోజులు కుప్ప దగ్గర పడుకున్న రైతుకు మద్దతు ధర అనే పాఠం కొత్త కాదు. మహిళా సంఘంలో పొదుపు లెక్క రాసే అక్కకు వడ్డీ, అప్పు, ఆదాయం రోజూ పలికే మాటలే. పాఠంలోని పెద్ద మాట కింద మీ ఊరి మాట పెన్సిల్‌తో రాసుకోండి. పాలమూరు నుంచి వచ్చిన ఒక మేస్త్రీ "నిరుద్యోగిత" పాఠంలో ప్రతి రకం పక్కన తన ఊరి ఉదాహరణ రాసుకున్నాడు. పంట లేని నెలల్లో పని దొరకకపోవడాన్ని పుస్తకం "రుతు సంబంధ నిరుద్యోగిత" అంటే, ఆయన పక్కన "మేం బొంబాయి పోయే నెలలు" అని రాశాడు. ఆ జవాబు ఆయన జన్మలో మరచిపోడు.

ఇంతకు ముందు ఇంటర్ రాసి కొన్ని సబ్జెక్టులు పాసైన వాళ్లు ఆ మార్కుల మెమో పారేయకండి. పాసైన వాటిలో రెండు సబ్జెక్టుల దాకా మార్కులు ఇక్కడికి మార్పించుకునే వీలుంది. చేరే రోజే అడగాలి.

పరీక్షలను పంటతో కలిపి చూసుకోండి

ఓపెన్ స్కూల్ మనకు ఇచ్చిన పెద్ద వరం ఇది. ఒకసారి చేరితే ఐదేళ్లు చెల్లుతుంది, ఆ ఐదేళ్లలో తొమ్మిదిసార్లు పరీక్షకు కూర్చోవచ్చు. పాసైన సబ్జెక్టు పాసైనట్టే, మళ్లీ రాయక్కర్లేదు. ఈ మాట అందరికీ చెబుతాను, అయినా చాలామంది మొదటిసారే ఐదుకు ఐదూ ఫీజు కట్టేస్తారు. పాతికేళ్లుగా పెన్ను పట్టని చేయి కొద్ది రోజుల్లోనే మూడేసి గంటల పరీక్షలు ఐదు రాయాలంటే ఎలా? మొదటిసారి రెండు రాయండి. అందులో ఒకటి మీకు బాగా ఇష్టమైనది ఉండాలి. రెండూ పాసైతే మీ ఇంట్లో వాళ్లు మీ చదువును చూసే తీరే మారుతుంది. అత్తగారు ఆదివారం పొయ్యి దగ్గర తానే కూర్చుంటుంది. మిగతా మూడు రెండు విడతల్లో పూర్తి చేయండి.

పబ్లిక్ పరీక్షలు ఏటా రెండుసార్లు జరుగుతాయి. ఒకటి ఏప్రిల్, మే ప్రాంతంలో, ఇంకొకటి సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతంలో. ఇప్పుడు మీ చేను గుర్తు తెచ్చుకోండి. సాగర్ ఎడమ కాలువ కింద హాలియా, మిర్యాలగూడ వైపు యాసంగి వరి వేసే ఇంటికి ఏప్రిల్ అంటే కోతలు, కల్లం, కొనుగోలు కేంద్రం. అలాంటి వాళ్లు ఏప్రిల్‌లో ఒక్క తేలిక పేపర్ పెట్టుకుని, బరువైనవి రెండో విడతకు ఉంచుకోవాలి. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు యాసంగి పల్లి వేసేవాళ్లకు మార్చికల్లా పల్లి తీయడం అయిపోతుంది, వాళ్లకు ఏప్రిల్ పరీక్షే మంచిది. దేవరకొండ, మునుగోడు, కల్వకుర్తి వైపు పత్తి వాళ్లకు అక్టోబరు నుంచి ఏరుడు మొదలు, దానికి తోడు బతుకమ్మ, దసరా. వాళ్లు మూడొంతుల బరువు ఏప్రిల్ మీదే వేయాలి.

ఉద్యోగానికి వయసు హద్దు దగ్గర పడుతున్నవాళ్లకు మాత్రం ఇంత నింపాదిగా కుదరదు. కానిస్టేబుల్‌కు ఇంటర్ కావాలి, అంగన్‌వాడీ పోస్టుకూ ఇప్పుడు ఇంటర్ అడుగుతున్నారు. వాటికి వయసు హద్దులున్నాయి. అలాంటివాళ్లు వెనక్కి లెక్కపెట్టుకుని రెండు విడతల్లో ముగించేలా కూర్చోవాలి.

చదవడం కన్నా ముందు కళ్లు, చేయి

నలభై దాటిన వాళ్లు నా దగ్గరికి వచ్చి "యాదికుంటలేదు సార్" అంటే మొదట పుస్తకం ఇచ్చి చదవమంటాను. చేయి చాపి దూరంగా పట్టుకుంటే అర్థమైపోతుంది, అది చత్వారం. అక్షరం మసకగా కనిపిస్తుంటే పది నిమిషాలకే తల నొప్పి వస్తుంది, నిద్ర వస్తుంది, మతి పోయిందనుకుంటారు. 2018లో మొదలైన కంటివెలుగులో ఎంతోమందికి దగ్గరచూపు అద్దాలు ఇచ్చారు, చాలా ఇళ్లలో అవి ఇంకా అల్మరాలోనే ఉన్నాయి. తీసి పెట్టుకోండి. లేకపోతే ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష చేయించుకోండి. అద్దాలు వచ్చిన నెలకే చదువు దారిలో పడ్డవాళ్లను చూశాను.

ఇక చేయి. పార పట్టిన చేయికి బలం ఉంటుంది, కానీ పెన్ను పట్టడానికి కావాల్సింది వేరే అలవాటు. మొదటి వారం రోజూ పది నిమిషాలు పుస్తకంలోది చూసి రాయండి, అర్థం గురించి ఆలోచించొద్దు. రెండో వారం పావుగంట. నెల తిరిగేసరికి అరగంట ఆపకుండా రాయగలగాలి. పరీక్షకు నెల ముందు ఒక ఆదివారం గడియారం పెట్టుకుని మూడు గంటలు కూర్చుని పాత ప్రశ్నపత్రం మొత్తం రాయండి. వేళ్లు నొప్పి పుట్టేది ఎప్పుడో, ఏ ప్రశ్న దగ్గర సమయం పోతుందో ఆ రోజే తెలుస్తుంది. ఈ ఒక్క పని చేసినవాళ్లు పరీక్ష హాల్లో టెన్షన్ పడటం నేను పెద్దగా చూడలేదు.

చదివే వేళ ఎవరిది వాళ్లదే. పాలు పిండక ముందు తెల్లవారుజామున నాలుగున్నరకు చదివే అక్క ఉంది. వాచ్‌మన్ డ్యూటీలో రాత్రి చదివే అన్న ఉన్నాడు. రోజూ నలభై నిమిషాలు దొరికితే చాలు, కానీ రోజూ దొరకాలి. పని చేస్తూ వినడానికి టీ-శాట్ పాఠాలు పెట్టుకోండి. ప్రభుత్వం నడిపే ఈ ఛానెళ్లు టీవీలోనూ, ఫోన్ యాప్‌లోనూ, యూట్యూబ్‌లోనూ వస్తాయి, డబ్బు కట్టనక్కర్లేదు. పత్తి ఏరుతూ చెవిలో పాఠం విన్న చెల్లె ఒకరు, సాయంత్రం అదే పాఠం పుస్తకంలో చదివితే సగం సమయమే పట్టిందని చెప్పింది.

ఆదివారం క్లాసులు మానకండి. "పుస్తకం ఉంది కదా" అనిపిస్తుంది. కానీ ఏ ప్రశ్న తరచూ వస్తుంది, జవాబు ఎంత పొడుగు రాయాలి, అసైన్‌మెంట్ ఎప్పటిలోగా ఇవ్వాలి అనేవి అక్కడే తెలుస్తాయి. ఆడవాళ్లకు 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కాబట్టి దారి ఖర్చు అడ్డం కాదు. ఇంకో లాభం కూడా ఉంది, మీలాంటి వాళ్లు ఇంకో ఇరవై మంది అక్కడ కనిపిస్తారు.

పరీక్ష రోజులు

ఒక్కో సబ్జెక్టులో పాస్ కావడానికి వందకు 35 కావాలి, జాతీయ ఓపెన్ స్కూల్‌లో 33. అందుకే మొత్తం పుస్తకం బట్టీ పట్టే పని లేదు. సగం పాఠాలు పక్కాగా రావాలి, మిగతావి పైపైన తెలియాలి.

హాల్‌టికెట్ చేతికి రాగానే మూడు చూడండి: పేరు, సబ్జెక్టులు, మాధ్యమం. తెలుగు మీడియం వాళ్లకు ఇంగ్లిష్ మీడియం పడితే హాల్లో ఎవరూ ఏమీ చేయలేరు, వారం ముందైతే కోఆర్డినేటర్ దారి చూపుతారు. సెంటర్ పట్నంలో పడితే ముందు రోజే పోయి గేటు చూసి రండి. ఆలస్యమై గేటు బయట నిలబడటం అన్నిటికన్నా బాధాకరమైన ఓటమి.

హాల్లో వచ్చిన ప్రశ్న ముందు రాయండి. పెద్ద ప్రశ్నకు మొదటి రెండు వాక్యాల్లోనే అసలు జవాబు రావాలి, తర్వాత పాయింట్లుగా విడగొట్టండి. చిన్న ప్రశ్నలు ఒక్కటీ వదలకండి, పెద్దవాళ్లు పాసయ్యేది ఎక్కువగా వాటి మీదే. కాపీ చిట్టీలు ఇస్తామని గేటు దగ్గర తిరిగేవాళ్లుంటే పక్కకు తప్పుకోండి. దొరికితే ఆ పరీక్ష పోవడమే కాదు, ఇంట్లో పిల్లల ముందు తల ఎత్తుకోలేరు.

ఒకటి రెండు మార్కులతో పోతే రీకౌంటింగ్‌కు పెట్టుకోవచ్చు, దానికీ గడువుంటుంది. ఇరవైల్లో వచ్చి పోతే డబ్బు వృథా, తర్వాతి విడతకు కట్టండి.

మెమో వచ్చాక

స్టడీ సెంటర్ నుంచి ఒరిజినల్ మెమో, మైగ్రేషన్ సర్టిఫికెట్ (ఇంకో బోర్డుకో యూనివర్సిటీకో మారేటప్పుడు అడిగే కాగితం) మీరే వెళ్లి తీసుకోండి. అక్కడే నిలబడి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ పది మెమోతో సరిపోల్చండి. తప్పుంటే ఆ రోజే రాతపూర్వకంగా ఇవ్వండి. ఐదు జిరాక్సులు తీయించి, ఒరిజినల్ ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. లామినేషన్ చేయించకండి, వెనక ముద్రలు వేయాల్సి వస్తే ఇబ్బంది.

డిగ్రీకి పోవాలంటే రెగ్యులర్ కాలేజీలకు దోస్త్ అనే ఆన్‌లైన్ డిగ్రీ ప్రవేశాల పద్ధతి ద్వారా దరఖాస్తు చేయాలి. పని మానలేని వాళ్లకు అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ అది, 1982 ఆగస్టు 26న మన నల్గొండ జిల్లాలోని నాగార్జునసాగర్‌లోనే రాష్ట్రపతి జైల్‌సింగ్ ప్రారంభించారు. మొదటి వైస్ ఛాన్సలర్ జి. రాంరెడ్డి. తర్వాత అది హైదరాబాద్‌కు మారింది, 1991లో అంబేడ్కర్ పేరు వచ్చింది. దాని స్టడీ సెంటర్లు నల్గొండలో నాగార్జున ప్రభుత్వ కళాశాలలో, మహబూబ్‌నగర్‌లో ఎం.వి.ఎస్. ప్రభుత్వ కళాశాలలో ఉన్నాయి. అక్కడికి పోయేటప్పుడు పది మెమో, ఇంటర్ మెమో, ఆధార్, కులం సర్టిఫికెట్ ఒకే కవర్లో పెట్టుకుని పోండి. క్లాసులు అక్కడా ఎక్కువగా ఆదివారాలే.